నిలబడని సీసా

మా నానీ ఇంట్లో ఒక సీసా ఉంది. అది నిలబడదు. దానికి అడుగు అనేదే లేదు. కోడిగుడ్డును ఒక వైపు పట్టి సాగదీసి, చివర్న మూతి పెట్టినట్టు ఉంటుంది. జానెడు పొడుగు. చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికంటే బరువు. రంగు చెరువు నీళ్ల లేత ఆకుపచ్చ. బల్ల మీద పెడితే దొర్లిపోతుంది కాబట్టి పాత దుపట్టా ముక్కలో చుట్టి సందూక్‌లో పడుకోబెట్టేవాళ్లు. చిన్నప్పుడు మేం పిల్లలందరం దాన్ని 'సోయా హువా శీషా' అనేవాళ్లం.

ఖాన్‌దాన్‌లో దాని గురించి ఒక రివాయత్ ఉంది. మా నానా గారి దాదా, కర్నూలు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ దగ్గర ఆబ్‌దార్ అట. ఆబ్‌దార్ అంటే తాగునీళ్ల వ్యవహారం చూసే నౌకరు. 1839లో అంగ్రేజులు కోట పట్టుకుని నవాబును తిరుచిరాపల్లికి తీసుకుపోయినప్పుడు, మహల్‌లోంచి ఈ సీసాను కుర్తా కింద దాచి తెచ్చాడట. అందులో ఏముండేదన్న దాంట్లో మాత్రం ఏకాభిప్రాయం లేదు. గులాబ్ అత్తర్ అని ఖాలా, షర్బత్ అని మామూ, ఏదో హకీమీ దవా అని అమ్మీ. నానీ ఈ గొడవలో ఎప్పుడూ తలదూర్చలేదు. రంజాన్‌లో సమోసాల పిండి ఒత్తడానికి బేలన్ దొరక్కపోతే నవాబుగారి సీసాతోనే ఒత్తేసేది. మామూ 'అరె అమ్మా!' అని నెత్తి కొట్టుకునేవాడు.

నానీ ఇంతెకాల్ అయ్యాక, ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు సీసా సంగతి మళ్లీ పైకొచ్చింది. దుబాయ్‌లో ఉండే మా ఖాలా కొడుకు ఫొటో చూసి, బయటి దేశాల వేలంలో పెడితే లక్షలు పలుకుతుంది, తనకిస్తే తీసుకుపోతానన్నాడు. నేను హైదరాబాద్‌లో జుమ్మెరాత్ బజార్‌కి పోయి పాత సామాన్ల వ్యాపారి ఒకాయనకు చూపిస్తే, ఆయన ఒకసారి అటూ ఇటూ తిప్పి, "రెండొందల యాభై ఏళ్ల చీజ్, నవాబీ మాల్. ఎనిమిది వేలు ఇస్తా" అన్నాడు. రెండొందల యాభై ఏళ్ల నవాబీ మాల్‌కి ఎనిమిది వేలా? ఆ రెండు మాటల్లో ఒకటైనా అబద్ధమై ఉండాలి కదా. మామూ అమ్మకానికి ససేమిరా అన్నాడు. చివరికి, "నువ్వు పుస్తకాలు చదివేవాడివి కదరా, అసలు ఇదేమిటో తేల్చు" అని ఆ బరువు నా నెత్తిన పెట్టారు.

మన పెద్దలు ఏ రివాయత్‌నైనా సనద్ చూడకుండా ఒప్పుకోలేదు. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, వాళ్లిద్దరూ ఒకే కాలంలో బతికారా అని అడిగేవాళ్లు. సీసాకీ అదే పద్ధతి పనికొస్తుందని నాకు అనిపించింది. ఇక్కడ రావీ మనిషి కాదు, గాజు. గాజు తన ఒంటి మీది మచ్చలతో మాట్లాడుతుంది.

మీ ఇళ్లలో కూడా పాత సీసాలు ఉండే ఉంటాయి. ముందు మూతి దగ్గర వేలు పెట్టి చూడండి. అచ్చులో పోసిన సీసాకి రెండు పక్కలా అతుకు గీత ఉంటుంది. ఆ గీత మూతి అంచు దాకా ఎక్కిందంటే అది యంత్రం చేసిన సీసా. పూర్తిగా యంత్రంతో సీసాలు చేయడం అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో మొదలుపెట్టాడు, కాబట్టి అంతకుముందుది అయ్యే అవకాశం తక్కువ. గీత మెడ దగ్గరే ఆగిపోయి, మూతి విడిగా అతికించినట్టు లావుగా, కొంచెం వంకరగా ఉంటే మనిషి చేత్తో చేసిన మూతి. అసలు గీతే లేకపోతే అచ్చు లేకుండా ఊదినది అయ్యుండొచ్చు. తర్వాత అడుగు చూడాలి. పాతకాలంలో మూతి సరిచేసేటప్పుడు సీసా అడుగును ఇనప కడ్డీకి అతికించి పట్టుకునేవాళ్లు. కడ్డీ విరగ్గొట్టాక అక్కడ గరుకు మచ్చ మిగిలేది. 1850ల తర్వాత సీసాను బయటి నుంచి బిగించి పట్టే పట్టకారులు వచ్చి, ఆ మచ్చ మెల్లగా మాయమైంది.

గాజులో బుడగలు ఉంటే చాలా పాతదని బజార్లో అందరూ చెప్తారు. నమ్మకండి. ఇవ్వాళ చిన్న కార్ఖానాలో చేత్తో ఊదిన గ్లాసులోనూ బుడగలు ఉంటాయి. ఆకుపచ్చ రంగు కూడా వయసుకి గవాహీ కాదు. అది ఇసుకలో ఉన్న ఇనుము వల్ల వచ్చే రంగు, శుభ్రం చేయని మామూలు గాజుది. ఇంకో మాట, తేల్చేదాకా సీసాను తోమకండి. మా మామూ చింతపండు, బూడిద కలిపి రెడీగా కూర్చున్నాడు, నేను చేతులు పట్టుకుని ఆపాను. మట్టిలో ఉన్న గాజు మీద ఇంద్రధనుస్సులాంటి పొర పడుతుంది. అది గీసుకుపోతే సీసా వయసూ కొంత గీసుకుపోయినట్టే.

మా సీసాకి అతుకు గీత రెండు పక్కలా ఉంది. గుండ్రటి అడుగు మీదుగా కూడా పోయింది, మెడ దగ్గర ఆగింది. మూతి విడిగా పెట్టినది, ఒక వైపు గాజు చిన్న బొట్టులా కారింది కూడా. కడ్డీ మచ్చ లేదు. అంటే అచ్చులో ఊది, మూతి చేత్తో దిద్దిన సీసా. ఎక్కువగా 1850ల తర్వాత, 1910ల లోపు.

ఇక ఆకారం. ఈ కోడిగుడ్డు సీసాను ఇంగ్లిషువాళ్లు హామిల్టన్ సీసా అంటారు. డబ్లిన్‌లో విలియం హామిల్టన్ అనే ఆయన 1809లో గాలినీళ్ల పేటెంట్ తీసుకున్నప్పుడు ఈ ఆకారాన్ని వర్ణించాడు. అడుగు లేకపోవడం లోపం కాదు, కావాలని చేసిందే. సోడా సీసాకి అప్పుడు కార్క్ మూత పెట్టి తీగతో కట్టేవాళ్లు. సీసా నిలబడితే కార్క్ ఎండి కుంచించుకుపోతుంది, గ్యాసు పారిపోతుంది. పడుకుంటే నీళ్లు ఎప్పుడూ కార్క్‌ని తడుపుతూ ఉంటాయి. నిలబెట్టే వీలే లేకుండా చేస్తే నౌకరు మరిచిపోయి నిలబెట్టే ప్రమాదం లేదు కదా! తర్వాత హైరమ్ కాడ్ 1872లో గోలీ పెట్టిన సీసాకి పేటెంట్ తీసుకున్నాడు, అదే మన గోలీసోడా. గ్యాసే గోలీని పైకి నెట్టి మూత వేస్తుంది, కార్క్‌తో పనే లేదు. అయినా పడుకునే సీసాలు 20వ శతాబ్దం మొదటిదాకా నడిచాయి.

కాబట్టి అత్తరూ కాదు, షర్బతూ కాదు, దవా కూడా కాదు. సోడా. మన పెద్దవాళ్లు దాన్ని 'విలాయతీ పానీ' అనేవాళ్లు. టమాటాను విలాయతీ బైంగన్ అన్నట్టే. సముద్రం అవతలి నుంచి వచ్చిన ప్రతిదానికీ ఈ ఒక్క మాట తగిలిస్తే చాలని మనవాళ్ల నమ్మకం. మాటల దగ్గరే ఇంకొకటి. తెలుగులో మనం అనే 'సీసా' ఫార్సీ 'శీషా' నుంచి వచ్చిందే. యాసిడ్ పోసే పెద్ద గాజు పాత్రను ఇంగ్లిషులో కార్‌బాయ్ అంటారు, అదీ ఫార్సీ 'ఖరాబా'యే. అరబ్బీలో సీసా పేరు 'ఖారూరా'. హకీములు గాజు పాత్రలో మూత్రం పోసి రంగు చూసి రోగం చెప్పేవాళ్లు కాబట్టి, యూనానీలో మూత్రం పేరే ఖారూరా అయి కూర్చుంది. హకీమ్ సాబ్ 'ఖారూరా తీసుకురా' అంటే ఖాళీ సీసా తీసుకుపోయిన అమాయకులు ఎంతమందో.

ఇక్కడి దాకా నవాబుగారి కథ ఇంకా బతికే ఉంది. ఆకారం 1809 నాటిది కాబట్టి 1839లో కర్నూలు మహల్‌లో విలాయతీ పానీ సీసా ఉండటం అసంభవమేమీ కాదు. కడ్డీ మచ్చ లేకపోవడం షక్ పుట్టిస్తుందే తప్ప ఫైసలా చెప్పదు. ఫైసలా చెప్పింది అక్షరాలు.

సీసా పొట్ట మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉన్నాయి. ముద్ర సరిగ్గా పడలేదు, పైగా నానీ సమోసా పిండి తరాల తరబడి సందుల్లో చేరింది. గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి గుడ్డతో పిండి తీశాను. చీకట్లో పక్కనుంచి టార్చి వేస్తే నీడలు పడి అక్షరాలు లేచాయి. కంపెనీ పేరు చదవలేకపోయాను, చివర్న 'అండ్ కో' మాత్రం ఉంది. దాని కింద 'మద్రాస్'. ఇంకో వైపు మధ్యలో ఏదో జంతువు బొమ్మ, ఏనుగో గుర్రమో. దాని చుట్టూ 'రిజిస్టర్డ్ ట్రేడ్ మార్క్'.

ఆ మూడు మాటలు చదివి టార్చి ఆపేసి కాసేపు చీకట్లోనే కూర్చున్నాను. ఇంగ్లాండులో ట్రేడ్ మార్కుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది 1875లో. రిజిస్టర్ తెరిచింది 1876 జనవరి 1న. (మొట్టమొదట అందులో ఎక్కింది ఒక బీరు కంపెనీ ఎర్ర త్రికోణం. ఆ సంగతి మామూకి చెప్పలేదు.) మన దేశానికి అలాంటి చట్టం 1940 దాకా లేదు. కాబట్టి ఒంటి మీద 'రిజిస్టర్డ్' అని రాసుకున్న సీసా 1876కి ముందు పుట్టే వీలు లేదు. నవాబు పోయింది 1839లో. మధ్యలో 37 ఏళ్లు.

తర్వాత నానా షజ్రా తీసి చూశాను, ముందే చూడాల్సింది. నానా పుట్టింది 1910 ప్రాంతంలో. ఆయన దాదా ఎంత వెనక్కి జరిపినా 1850 చుట్టుపక్కల మనిషి. 1839 నాటికి ఆయన పుట్టనే లేదు. కుర్తా కింద ఏం దాస్తాడు?

ఇక్కడితో తహ్కీక్ ముగించి, రివాయత్ మౌజూ, అంటే కల్పితం అని రాసేసి ఉండొచ్చు. కానీ నానీ అన్న ఒక మాట నన్ను వదల్లేదు. ఆ ఆబ్‌దార్ దాదా గురించి ఎవరైనా అడిగితే ఆవిడ, "శీషే ఫిరాతే థే," సీసాలు తిప్పేవారు, అనేది. మేం నవ్వేవాళ్లం. పనీపాటా లేక సీసాలు దొర్లించుకునేవాడన్నమాట అని.

అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో అక్బర్ ఆబ్‌దార్‌ఖానా గురించి రాశాడు. నీళ్లు ఎలా చల్లబరుస్తారో అందులో ఉంది. శోరాని, అదే మన సురేకారాన్ని, ఒక పాత్రలో నీళ్లలో కలుపుతారు. సురేకారం కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది, నీళ్లు చల్లగా అవుతాయి. తాగే నీళ్లున్న పాత్రకి మూతి మూసి, ఆ నీళ్లలో పెట్టి కాసేపు తిప్పుతారు. తిప్పుతారు! మొఘలుల తర్వాత ఈ విద్యను అంగ్రేజు సాహెబులు ఆబ్‌దార్‌తో సహా తమ బంగళాల్లోకి తెచ్చుకున్నారు. వాళ్ల ఆబ్‌దార్లు చల్లబరిచింది కూజా నీళ్లు ఒక్కటే కాదు, సీసాలు కూడా. మద్రాసులో అయితే 1840ల నుంచి అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడల్లో వచ్చిన ఐసు ఉంది, మెరీనా దగ్గర దాన్ని దాచిన ఐస్ హౌస్ భవనం ఇప్పటికీ నిలబడి ఉంది. కర్నూలుకి ఐసు ఎక్కడ? ఎద్దుబండి ఎక్కేలోపే నీళ్లు. ఇక్కడి ఎండల్లో సాహెబ్‌కి చల్లటి విలాయతీ పానీ కావాలంటే సురేకారం, ఓపికగా సీసా తిప్పే చెయ్యి ఉండాలి.

కర్నూలులో అంతమంది సాహెబులు ఉన్నారా అంటే, ఉన్నారు. నవాబుల కాలంలో ఖమర్‌నగర్ అనిపించుకున్న ఈ ఊరు 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో కలెక్టరు ఉండే జిల్లా అయింది. 1860లలో ఒక ఇంగ్లిషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వింది. అదే కేసీ కెనాల్. 1882లో సర్కారు కొనేదాకా అది ఆ కంపెనీదే. ఇంజనీర్లు, ఓవర్సీర్లు, వాళ్ల బంగళాలు. 1871కల్లా మద్రాసు రైలు గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా వచ్చింది. అక్కడ దిగిన పెట్టెలు కర్నూలుకి బండి మీద రావాలి. మద్రాస్ అని రాసి ఉన్న సోడా సీసా మా ఊరు చేరిన దారి దాదాపు అదే అయ్యుండాలి.

1876 అనగానే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా దక్కన్‌ను ఊడ్చేసిన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 లెక్కకీ 1881 లెక్కకీ మధ్య ఈ జిల్లా జనాభా దాదాపు పావు వంతు తగ్గింది. నలుగురిలో ఒకరు. కొందరు వలసపోయారు, ఎక్కువమంది చచ్చిపోయారు. నానా దాదాకి అప్పుడు పాతికేళ్లు ఉంటాయి. ఆ రెండేళ్లూ ఎవరి ఇంట్లోనో సీసాలు తిప్పే నౌకరీ ఉన్న మనిషి పిల్లలు అన్నం తిన్నారు. ఆ పిల్లల్లో ఒకరు మా నానాకి బాప్. సీసా ఆ రెండేళ్లలోనే వచ్చిందని నేను దావా చేయను, ఇరవై ఏళ్లు తర్వాతదైనా కావచ్చు. కానీ ఆ పొద్దు సీసాను మళ్లీ దుపట్టాలో చుడుతుంటే నా చేతులు మామూలుగా లేవు.

ఖీమత్ సంగతి చెప్పనే లేదు. ఇంగ్లాండులో పాత చెత్తకుప్పలు తవ్వేవాళ్లకి ఇలాంటి లేత ఆకుపచ్చ హామిల్టన్ సీసాలు విరివిగా దొరుకుతాయి, మామూలువి కొద్ది పౌండ్లకే పోతాయి. నీలం రంగుదో, ముదురు గోధుమదో అయితే సంగతి వేరు. మీద ఊరి పేరు ఉంటే ఆ ఊరి మీద మనసున్నవాళ్లు ఎక్కువిస్తారు. మూతి చిట్లితే సగానికి పడుతుంది. ఎవరైనా ధర చెప్తే, ఎంతకి పెట్టారని కాదు, ఎంతకి అమ్ముడుపోయిందని అడగండి. ఈ రెండింటికీ మధ్య జమీన్ ఆస్మాన్ ఫరక్. నా లెక్కలో మా సీసా రెండు మూడు వేలు. బజార్ వ్యాపారి ఎనిమిది వేలు ఇస్తానన్నాడంటే ఎవరికో నవాబు కథతో సహా ఇరవైకి అమ్మే నమ్మకంతోనే. ఆయనకి సీసా అక్కర్లేదు, మా రివాయత్ కావాలి.

దుబాయ్ తమ్ముడికి కూడా ఒక మాట చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు కింద లెక్క, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుపోతానంటే కస్టమ్స్‌లో దొరికితే సీసా ఖీమత్ కంటే వకీలు ఫీజు ఎక్కువవుతుంది. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఈద్ ముబారక్ మెసేజ్ పెట్టాడు.

మామూకి చెప్పడమే కష్టమైంది. జుమా నమాజ్ తర్వాత, భోజనాలయ్యాక, దస్తర్‌ఖాన్ మీదే సీసా పెట్టి అన్నీ చెప్పాను. అక్షరాలు టార్చి వేసి చూపించాను. ఆయన వేలితో మద్రాస్ అన్న చోట తడుముతూ ఉండిపోయాడు.

"అంటే మనవాళ్లు నవాబుల మనుషులు కారు. తెల్లోళ్ల ఖాన్‌సామాలు. అంతేనా?"

"ఖాన్‌సామా కాదు మామూ, ఆబ్‌దార్."

"ఎవరి ఆబ్‌దార్?"

నేను ఏమీ అనలేదు. ధాత కరువు సంగతి, జనాభా లెక్కలు, సురేకారం, అన్నీ చెప్పాను. నానీ 'శీషే ఫిరాతే థే' అన్న మాట చెప్పినప్పుడు మాత్రం తలెత్తాడు. "అమ్మా ఆ మాట తన అత్తగారి దగ్గర విన్నానని చెప్పేది," అన్నాడు. ఆ అత్తగారు ఆబ్‌దార్ కోడలు, మామగారిని కళ్లతో చూసిన మనిషి. సనద్ అంటే అదే కదా అని నాకు అప్పుడు తట్టింది. నవాబు పేరుకి సనద్ లేదు, సీసాలు తిప్పడానికి ఉంది. ఆ మాట పైకి అన్నాను. మామూ అవుననలేదు, కాదనలేదు. సీసా తీసుకుని లోపలికి పోయాడు.

రెండు వారాల తర్వాత ఫోన్ చేశాడు. సీసాతో పాటు సందూక్‌లో పెట్టడానికి ఒక చీటీ రాసివ్వమన్నాడు. "నువ్వు తేల్చిందే రాయి, ఎక్కువ తక్కువ వద్దు." మద్రాసు సోడా సీసా, 1876 తర్వాతది, అని తెలుగులో రాసి తీసుకుపోయాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, కలం అడిగి, కింద ఉర్దూలో ఇంకో లైను తానే రాశాడు. ఆబ్‌దార్ దాదా పేరు, పక్కన 'శీషే ఫిరాతే థే'. నవాబు పేరు రాయలేదు. చీటీ మడిచి దుపట్టాలో పెట్టి, ఈ రంజాన్‌కి సమోసాలకి బేలన్ కొత్తది కొనాలని మామానీకి గుర్తుచేశాడు.